కంటికి ఉన్న మెట్లు చెవికి ఎందుకు లేవు? ఉత్తర తెలంగాణలో వినికిడి సేవల శిక్షణపై విశ్లేషణ

ఏటా మార్చి 3న ప్రపంచ వినికిడి దినోత్సవం. ఆ వారంలో జిల్లా కేంద్రాల్లో ఉచిత శిబిరాలు పెడతారు, పరీక్షలు చేస్తారు, కొందరి చేతికి చెవి మిషన్లు వస్తాయి. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మిషన్‌ను చెవిలో పట్టి ఉంచే మోల్డ్ వదులై ఈల వేస్తే ఎవరికి చూపించాలి? సెల్లు అయిపోతే ఎక్కడ దొరుకుతుంది? సప్పుడు ఎక్కువై తలనొప్పి వస్తే సెట్టింగ్ ఎవరు మారుస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి దగ్గర్లో లేకపోతే మిషన్ బీరువాలోకి వెళ్తుంది. వినికిడి సేవల గురించి మాట్లాడినప్పుడల్లా మిషన్ల ధర, నిధుల కొరత ముందుకొస్తాయి. మనుషుల తయారీ మాత్రం వెనక్కి పోతుంది.

సంక్షిప్తంగా

వినికిడి సేవల్లో కొరత అంటే కాలేజీల కొరత ఒక్కటే కాదు. పనిని మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు తగిన మనిషికి శిక్షణ ఇచ్చి, ఆ మనిషికి పోస్టు, పరికరం, పైనుంచి పర్యవేక్షణ ఇచ్చే ఏర్పాటు లేకపోవడమే పెద్ద కొరత. కంటి వైద్యంలో ఇలాంటి ఏర్పాటు మూడు దశాబ్దాల కింద ఉత్తర తెలంగాణలోనే మొదలైంది. దాన్ని చెవికి ఉన్నదున్నట్టు దించలేం. ఎందుకు దించలేమో అర్థమైతే శిక్షణ ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది.

సమస్య ఎంత పెద్దది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వినికిడిపై తొలి ప్రపంచ నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 150 కోట్ల మందికి పైగా ఎంతోకొంత వినికిడి లోపంతో ఉన్నారు. వారిలో సుమారు 43 కోట్ల మందికి వైద్యమో, మిషనో, శిక్షణో తప్పనిసరి. 2050 నాటికి ఈ సంఖ్య 70 కోట్లు దాటుతుందని అంచనా. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో దాదాపు 60 శాతం నివారించదగినదేనని కూడా ఆ నివేదిక చెప్పింది. మనుషుల లెక్క ఇంకా గట్టిగా తగులుతుంది. తక్కువ ఆదాయ దేశాల్లో 78 శాతం చోట్ల పది లక్షల జనాభాకు ఒక్క ఈఎన్‌టీ డాక్టర్ కూడా లేరు. అవే దేశాల్లో 93 శాతం చోట్ల పది లక్షలకు ఒక్క ఆడియాలజిస్టు (వినికిడి కొలిచే నిపుణుడు) కూడా లేరు.

భారత్ తక్కువ ఆదాయ దేశాల జాబితాలో లేదు. కానీ దేశం సగటు ఒకటి, ఏటూరునాగారం ఏజెన్సీ గూడెం పరిస్థితి మరొకటి. కేంద్ర ఆరోగ్య శాఖ ఉదహరించే అంచనా ప్రకారం దేశంలో 6.3 కోట్ల మందికి గణనీయమైన వినికిడి లోపం ఉంది. 2011 జనాభా లెక్కల్లో వినికిడి వైకల్యం కింద నమోదైనవారు దాదాపు 50 లక్షల మంది. రెండు అంకెల మధ్య పన్నెండు రెట్ల తేడా చూసి ఏదో ఒకటి తప్పనుకోనక్కర లేదు. ఒకటి పరీక్షల ఆధారంగా వేసిన అంచనా, రెండోది ఇంటింటికీ తిరిగినప్పుడు కుటుంబం చెప్పిన మాట. పెద్దాయనకు కాస్త తక్కువ వినిపిస్తే దాన్ని ముసలితనం కింద వేస్తారు గాని వైకల్యమని ఎవరూ రాయించరు.

చట్టం గీసిన గీత కూడా ఇక్కడ పనిచేస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటేనే పాక్షిక వినికిడి వైకల్యం, 70 అయితే బధిరత్వం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం బాగా వినిపించే చెవిలో 35 డెసిబెల్స్ దాటితే చాలు, సాయం అవసరమంటోంది. 35కూ 60కీ మధ్య ఉన్నవాళ్లకు వైకల్య సర్టిఫికెట్ రాదు, మిషన్ అవసరం మాత్రం ఉంటుంది. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని ‘చదువు రాని’ పిల్లగా ముద్రపడేవాళ్లలో కొందరు ఈ మధ్యలో ఉన్నవాళ్లే.

ఎవరు ఏ పని చేస్తారు

చెవి బాగాలేదంటే ‘చెవి డాక్టర్’ దగ్గరికి వెళ్లడం అలవాటు. అక్కడే చాలామందికి గందరగోళం. ఈఎన్‌టీ డాక్టర్ చెవి జబ్బు చూస్తారు: చీము కారడం, కర్ణభేరికి చిల్లు, గడ్డలు, ఆపరేషన్. ఆడియాలజిస్టు వినికిడిని కొలుస్తారు, మిషన్ ఎంపిక చేసి అమరుస్తారు. స్పీచ్ థెరపిస్టు మాట నేర్పుతారు. మన దేశంలో ఈ చివరి రెండూ కలిపి ఒకే డిగ్రీగా చదువుతారు. దాన్నే బీఏఎస్‌ఎల్‌పీ అంటారు. ఇంటర్ తర్వాత నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. దాని కింద ఏడాది డిప్లొమాలు ఉన్నాయి. వాటిలో ఒకటైన డీహెచ్‌ఎల్‌ఎస్ చేసినవారు పరీక్షల్లోనూ థెరపీలోనూ సహాయకులుగా పనిచేస్తారు. చెవి మోల్డ్ తయారీకి, మిషన్ల మరమ్మతుకు వేరే డిప్లొమా ఉంది.

ఈ కోర్సులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి, చదివినవారు అక్కడ రిజిస్టర్ కావాలి. ఆసుపత్రుల్లో టెక్నీషియన్ల కోసం నడిచే అనుబంధ ఆరోగ్య కోర్సులు వేరు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఇంటర్ బైపీసీ పిల్లలు, తల్లిదండ్రులు రెండింటినీ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. సీటు తీసుకునే ముందు ఆ కోర్సుకు కౌన్సిల్ గుర్తింపు ఉందా, చదివాక సొంతంగా పరీక్షలు చేసి సంతకం పెట్టే అధికారం వస్తుందా అని అడగడం అవసరం.

దేశంలో ఈ చదువుకు పెద్ద దిక్కు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. 1965లో మొదలైంది. 1983లో ముంబైలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వచ్చింది, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. అంటే తెలంగాణ విద్యార్థికి ఈ చదువు అందని ద్రాక్ష కాదు. చదివినవారు ఎక్కడికి వెళ్తున్నారన్నదే ప్రశ్న. నాలుగేళ్లు చదివిన ఆడియాలజిస్టుకు హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రి, మిషన్ల కంపెనీ, విదేశీ ఉద్యోగం అనే దారులు తెరిచి ఉంటాయి. జిల్లాలో కనిపించేది చాలాసార్లు ఏడాదికోసారి రెన్యువల్ చేసే కాంట్రాక్టు పోస్టు. ఈ తేడాను సీట్లు పెంచి పూడ్చలేం. సీట్లు పెంచితే బయటికి వెళ్లేవారి సంఖ్య కూడా పెరుగుతుంది.

మిషన్ల దుకాణాలది ఇంకో తీరు. హనుమకొండ, కరీంనగర్ లాంటి పట్టణాల్లో వినికిడి పరీక్ష ఉచితంగా చేసే క్లినిక్‌లు కనిపిస్తాయి. పరీక్ష ఖర్చు మిషన్ అమ్మకంలో తిరిగి రావాలి. అక్కడ పనిచేసే సహాయకుడికి దొరికే శిక్షణ సహజంగా అమ్మకం వైపే ఒరుగుతుంది. చీము కారే చెవిని ముందు డాక్టర్‌కు పంపాలా, మిషన్ పెట్టాలా అన్న చోట ఈ ఒరుగు రోగికి నష్టం చేస్తుంది.

ముథోల్‌లో మొదలైన పాఠం

ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తన తొలి గ్రామీణ కేంద్రాన్ని 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో పెట్టింది. ఇప్పుడది నిర్మల్ జిల్లా. అక్కడి నుంచి ఎదిగిన పద్ధతిలో దాదాపు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, అందులో ఒక విజన్ టెక్నీషియన్. ఆ టెక్నీషియన్ ఆ చుట్టుపక్కల ఊళ్ల యువతో యువకుడో. ఇంటర్ తర్వాత ఏడాది శిక్షణ. కళ్లద్దాల నంబరు చూస్తారు, శుక్లాలను గుర్తిస్తారు, తమ వల్ల కానిది పై మెట్టుకు పంపుతారు. ఆపరేషన్ చేసే డాక్టర్ పై మెట్టులో ఉంటారు, ఇంకా కష్టమైన కేసులు హైదరాబాద్‌కు వెళ్తాయి.

తర్వాత ప్రభుత్వం కంటి వెలుగు చేపట్టింది. 2018 ఆగస్టు 15న మొదటి విడత, 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలయ్యాయి. రెండో విడతకు వంద పనిదినాల్లో కోటిన్నర మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఊరూరా బల్ల వేసి, నంబరు చూసి, రీడింగ్ అద్దాలు అక్కడికక్కడే ఇచ్చారు. అప్పటి నుంచి ‘చెవి వెలుగు’ ఎందుకు పెట్టకూడదన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. ఆలోచన మంచిదే, పద్ధతి మాత్రం సరిపోదు.

మొదటి అడ్డు నిశ్శబ్దం. కంటి చార్టు చెట్టు కింద కూడా వేలాడదీయవచ్చు. వినికిడి పరీక్షకు చప్పుడు లేని గది కావాలి. ఫ్యాను, జనరేటర్, బయట ఆటో హారన్ కలిస్తే తక్కువ స్థాయి శబ్దాలు వినిపించవు, లోపం లేనివారికి కూడా లోపం ఉన్నట్టు ఆడియోగ్రామ్ (వినికిడిని చూపే గ్రాఫ్) వస్తుంది. రెండో అడ్డు అలవాటు. అద్దాలు పెట్టుకున్న క్షణంలో అక్షరం కనిపిస్తుంది. మిషన్ పెట్టుకున్న క్షణంలో మాత్రం గిన్నెల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, తన గొంతు తనకే వింతగా మోగడం మొదలవుతాయి. ఏళ్ల తరబడి శబ్దానికి దూరమైన మెదడు వీటిని వేరుచేసుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో రెండు మూడు సార్లు సెట్టింగ్ మార్చాలి.

ఇంకోటి, లోపం తీరు. లోపలి చెవి నరాల స్థాయిలో దెబ్బతిన్నవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: ‘సప్పుడు ఇనవడ్తది గని మాట సమజ్ అయితలేదు.’ స, శ, త, క లాంటి హల్లులు ఎక్కువ పౌనఃపున్యంలో, తక్కువ బలంతో ఉంటాయి. అచ్చులు బలంగా ఉంటాయి. అచ్చులు వినిపించి హల్లులు జారిపోతే చప్పుడు మిగులుతుంది, అర్థం పోతుంది. అన్నింటినీ ఒకేలా పెంచే చవక మిషన్ ఇలాంటివారికి గోల పెంచుతుంది గాని మాట ఇవ్వదు. ఎవరికి ఏ పౌనఃపున్యంలో ఎంత పెంచాలో చూసి అమర్చడమే ఆడియాలజీలో సగం పని.

మోల్డ్ తీయడం: చేతికి రావాల్సిన పని

శిక్షణ అంటే సిలబస్ అనుకుంటే చిన్న పని ఒకటి దగ్గరగా చూడాలి. మిషన్‌ను చెవిలో నిలబెట్టే మోల్డ్ ఎవరి చెవికి వారిదే. ముందు ఆటోస్కోప్‌తో చెవి లోపల చూడాలి. పెద్దవాళ్లకైతే చెవి డిప్పను పైకి, వెనక్కి లాగాలి. చంటిపిల్లలకు కిందికి, వెనక్కి లాగాలి, లేకపోతే కర్ణభేరి కనిపించదు. గులిమి ఉంటే తీయించాలి. చిల్లు ఉన్నా, చీము ఉన్నా అక్కడితో ఆపి డాక్టర్‌కు పంపాలి. అంతా బాగుంటే దారం కట్టిన చిన్న దూది ఉండను చెవి నాళంలో రెండో వంపు దాటేదాకా లోపల కూర్చోబెడతారు. ఆ తర్వాతే కలిపిన ముద్దను సిరంజితో నింపుతారు. ఉండ సరిగా కూర్చోకపోతే ముద్ద కర్ణభేరి దాకా పోయి గట్టిపడుతుంది. దాన్ని తీయడానికి ఆపరేషన్ థియేటర్ అవసరమైన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఈ పని పుస్తకం చదివితే రాదు, వీడియో చూస్తే సగం వస్తుంది. పక్కన ఒకరు నిలబడి చేయి సరిదిద్దాలి. ఎదిగే పిల్లలకు చెవి పెరుగుతుంది గనుక కొన్ని నెలలకోసారి కొత్త మోల్డ్ కావాలి. ములుగు నుంచో ఆసిఫాబాద్ నుంచో ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లాలంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది, మూడోసారికి మానేస్తారు. మోల్డ్ తీయగలిగిన ఒక మనిషి జిల్లాలో ఉంటే ఈ ప్రయాణం తప్పుతుంది. అందుకు నాలుగేళ్ల డిగ్రీ అవసరం లేదు. బాగా నడిపిన ఏడాది డిప్లొమా చాలు.

పుట్టిన బిడ్డ విషయంలో లెక్క

పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి అంతర్జాతీయంగా పాటించే సూత్రం 1-3-6. నెలలోపు ప్రాథమిక పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషన్, థెరపీ. మాట నేర్చుకునే మెదడు ఎదురుచూడదు గనుక ఈ గడువులు పెట్టారు. వెయ్యి కాన్పులకు ఒకరి నుంచి ఐదుగురు పిల్లల్లో గణనీయమైన లోపం ఉంటుందని సాధారణ అంచనా.

వరంగల్‌లో సీకేఎం, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి చుట్టుపక్కల జిల్లాల కాన్పులకు కూడా కేంద్రాలు. ఏడాదికి పది వేల కాన్పులు జరిగే ఏ ఊహాజనిత ఆసుపత్రిని తీసుకున్నా లెక్క ఇలా వస్తుంది. లోపం ఉన్న పిల్లలు పది నుంచి యాభై మంది. కానీ చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి లోపలి చెవి స్పందన చూసే ఓఏఈ పరీక్షను పుట్టిన రోజే చేస్తే చెవి నాళంలో ఉమ్మనీటి తెట్టు ఉండటం వల్ల బాగా వినిపించే పిల్లలు కూడా చాలామంది ‘రిఫర్’ అవుతారు. నూటికి ఐదుగురే అలా తేలినా ఐదు వందల మంది. వారందరికీ మళ్లీ పరీక్ష, అందులోనూ నిలవనివారికి వినికిడి నరం స్పందన కొలిచే బెరా పరీక్ష. ఈలోపు తల్లి డిశ్చార్జ్ అయి మహబూబాబాద్ తండాకు వెళ్లిపోయి ఉంటుంది, ఇచ్చిన ఫోన్ నంబరు భర్తది, అతను హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు.

అందుకని ఈ అంచెలో శిక్షణ పరికరం నొక్కడం దగ్గర ఆగిపోతే లాభం లేదు. ఓఏఈ ప్రోబ్ పెట్టడం స్టాఫ్ నర్సుకు కొన్ని రోజుల్లో వస్తుంది. ఏ గంటకు పరీక్ష చేయాలి, తల్లికి ఏం చెప్పాలి, నెలన్నర టీకాకు వచ్చినప్పుడు ఏఎన్‌ఎం ఎవరిని గుర్తుపెట్టుకుని మళ్లీ పంపాలి అన్నవే కష్టమైన భాగాలు. ఎన్‌ఐసీయూలో ఉన్న పిల్లలకైతే ఓఏఈ ఒక్కటే సరిపోదు. లోపలి చెవి పనిచేసి నరం దగ్గర తేడా ఉన్న పిల్లలు ఆ పరీక్షలో పాస్ అయిపోతారు. వారికి నరం స్పందనను కూడా చూసే ఆటోమేటెడ్ ఏబీఆర్ పరీక్ష కావాలి.

2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో పుట్టుకతో వచ్చే చెవుడు ఉంది. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల నమూనాలో ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు పోస్టు కూడా ఉంది. 2006-07లో ప్రయోగాత్మకంగా మొదలైన జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమంలో ఆశా, అంగన్‌వాడీ నుంచి ఈఎన్‌టీ డాక్టర్ వరకు అన్ని స్థాయిలకూ శిక్షణ రాసి ఉంది, జిల్లాకు ఆడియోమెట్రిక్ సహాయకుడి కాంట్రాక్టు పోస్టు ఉంది. కాగితం మీద మెట్లు ఉన్నాయన్నమాట. ఒక పోస్టు ఖాళీ అయితే దాని కింద ఇచ్చిన శిక్షణంతా ఎటు పంపాలో తెలియని రిఫరల్ అవుతుంది.

వేరే దేశాలు ఎలా నెట్టుకొచ్చాయి

కెన్యా, మలావీల్లో డాక్టర్ కాని ‘క్లినికల్ ఆఫీసర్’ అనే కేడర్ ఉంది. వారిలో కొందరికి ఈఎన్‌టీలో అదనపు శిక్షణ ఇచ్చి జిల్లా ఆసుపత్రుల్లో పెట్టారు. గులిమి తీయడం, చీము చెవికి చికిత్స, ప్రాథమిక వినికిడి పరీక్ష వాళ్లే చూస్తారు. అక్కడ ఇది పనిచేయడానికి కారణం ఆ కేడర్‌కు ముందే చట్టబద్ధ స్థానం, జీతం, ప్రమోషన్ ఉండటం. కొత్త శిక్షణ పాత కుర్చీకి జత అయింది.

దక్షిణాఫ్రికాలో ఫోన్ ఆధారిత ఆడియోమెట్రీతో సామాజిక ఆరోగ్య కార్యకర్తలు ఇంటి దగ్గరే పరీక్షలు చేశారు. కేప్‌టౌన్ దగ్గర ఖాయేలిత్షా బస్తీలో మిషన్లు అమర్చడం, ఆ తర్వాత సాయం చేయడం కూడా వారితో చేయించి చూశారు. ఫోన్ చుట్టూ ఉన్న శబ్దాన్ని కొలిచి, ఎక్కువైతే హెచ్చరిస్తుంది. కాబట్టి నిశ్శబ్దమైన గది లేదన్న అడ్డు కొంత తగ్గుతుంది. అయినా దూరం నుంచి ఆడియాలజిస్టు ఫలితాలు చూడటం ఆ పద్ధతిలో భాగం. పల్లె దవాఖానలో ఉన్న మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి (ఎంఎల్‌హెచ్‌పీలకు) ఈ నమూనా దగ్గరగా ఉంటుంది. ఆయుష్మాన్ భారత్ కింద ఉపకేంద్రాల సేవల జాబితాలో చెవి-ముక్కు-గొంతు సంరక్షణ ఇప్పటికే చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ స్థాయి సిబ్బంది కోసమే శిక్షణ మాన్యువల్ ఇచ్చింది.

మైసూరు సంస్థ డీహెచ్‌ఎల్‌ఎస్‌ను వేర్వేరు రాష్ట్రాల కేంద్రాలకు వీడియో పాఠాల ద్వారా నడిపింది. పాఠం మైసూరు నుంచి, ప్రాక్టికల్ స్థానిక ఆసుపత్రిలో. అధ్యాపకులు దొరకని చోట ఇది తెలివైన దారి. ప్రాక్టికల్ చూపించే స్థానిక గురువు బలహీనంగా ఉంటే మాత్రం ఈ పద్ధతి కూడా కుంటుతుంది. మోల్డ్ సంగతి పైన చూశాం కదా.

ఈ ప్రాంతానికి సిలబస్‌లో ఏం ఉండాలి

తయారుగా ఉన్న సిలబస్ తెచ్చి చెప్పేస్తే ఉత్తర తెలంగాణలో కొన్ని విషయాలు జారిపోతాయి. గోదావరిఖని, భూపాలపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో డ్రిల్లింగ్, కట్టింగ్ యంత్రాల మోత. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి. కరీంనగర్ గ్రానైట్ క్వారీలు సరేసరి. శబ్దంతో వచ్చే లోపం సాధారణంగా 4,000 హెర్ట్జ్ చుట్టూ గుంత పడినట్టు మొదలవుతుంది. ఆ దశలో మనిషికి తేడా తెలియదు. గని కార్మికులకు నిర్ణీత కాలానికి వైద్య పరీక్ష (పీఎంఈ) ఉంటుంది, మరమగ్గం కార్మికుడికి అలాంటిదేమీ ఉండదు. సిరిసిల్లలో పనిచేయబోయే సహాయకుడికి ఆడియోగ్రామ్‌లో ఆ గుంత చూపించి గుర్తుపట్టడం నేర్పాలి. చంటిపిల్లల పరీక్షకన్నా అతనికి ఇదే ఎక్కువసార్లు అవసరపడుతుంది.

మేనరికాలు ఈ ప్రాంతంలో ఇంకా పూర్తిగా పోలేదు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగితే అంతర్గత జన్యు లోపాలు బయటపడే అవకాశం పెరుగుతుంది. పుట్టు చెవుడుకు కారణమయ్యే జన్యువుల్లో చాలావరకు ఆ రకమే. ఈ మాటను కుటుంబానికి నింద లేకుండా చెప్పడం కూడా శిక్షణలో ఒక పాఠం కావాలి. లేకపోతే నింద కోడలి మీద పడుతుంది, బిడ్డ మళ్లీ పరీక్షకు రాదు.

చెవి కారడం మీద గట్టిగా నిలవాలి, ఎందుకంటే ఇక్కడ తక్కువ శిక్షణతో ఎక్కువ ఫలితం దొరుకుతుంది. చెవిపోటు వస్తే వేడి చేసిన నూనె, ఆకుపసరు పోయడం, పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గులిమి తీయడం ఇంకా ఉన్నాయి. చీము కారే చెవిని శుభ్రమైన దూది వత్తితో పొడిగా తుడవడం, నీళ్లు పోకుండా చూడటం, డాక్టర్ రాసిన చుక్కలు సరిగా వేయడం తల్లికి నేర్పితే చాలా చెవులు ఎండిపోతాయి. ఎండని చెవిని, వాసనతో కారే చెవిని ఆలస్యం లేకుండా ఈఎన్‌టీకి పంపాలి. ఈ పాఠం ఆశాకు, అంగన్‌వాడీ టీచర్‌కు, ఊళ్లో మొదట సంప్రదించే ఆర్‌ఎంపీకి కూడా చేరాలి. ఆర్‌ఎంపీలకు చికిత్స నేర్పడం చట్టపరంగా వివాదం. ఏది చేయకూడదో చెప్పడంలో వివాదం ఏముంటుంది?

భాష సంగతి తరచూ మరుగున పడుతుంది. ఎంత వినిపిస్తోందన్నది శబ్దాలతో కొలవవచ్చు, మాట ఎంత అర్థమవుతోందన్నది కొలవాలంటే ఆ మనిషి భాషలో పదాల జాబితా కావాలి. తెలుగుకు అలాంటి జాబితాలు ఉన్నాయి. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లకు తెలుగు పదాలతో పరీక్ష చేస్తే తెలియని పదం, వినిపించని పదం ఒకే ఖాతాలో పడతాయి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో పెట్టే పరికరం) తర్వాత థెరపీలో ఇది ఇంకా ముఖ్యం. తల్లి ఏ భాషలో జోలపాడుతుందో ఆ భాషలోనే మాట మొదలవ్వాలి. ఉట్నూరు, ఏటూరునాగారం గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధి నుంచే ఇద్దరు ముగ్గురు యువతులను డిప్లొమాకు పంపితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. పైగా వాళ్లు సొంత ప్రాంతంలోనే ఉండిపోయే అవకాశం ఎక్కువ. ముథోల్ పద్ధతి నిలబడటానికి కూడా స్థానిక యువత కారణమే.

ఏ వరుసలో చేస్తే నిలుస్తుంది

కొత్త జిల్లాలతో పాటు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు కూడా పెరిగాయి. మహబూబాబాద్, జగిత్యాల, రామగుండం, మంచిర్యాలలో 2022లో వచ్చాయి. భూపాలపల్లి, ఆసిఫాబాద్, సిరిసిల్ల, నిర్మల్ వంటి చోట్ల ఆ తర్వాతి ఏడాది వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే ఈఎన్‌టీ విభాగం ఉండాల్సిందే. ఆరోగ్య విశ్వవిద్యాలయం కేంద్రం వరంగల్‌లోనే ఉంది, 1959 నాటి కాకతీయ మెడికల్ కాలేజీ, దాని బోధనాసుపత్రి ఎంజీఎం కూడా ఇక్కడే ఉన్నాయి. శిక్షణకు గురుస్థానం కావాలంటే ఇంతకంటే అనువైన చోటు ఈ ప్రాంతంలో లేదు.

వరుస తప్పితే ఇవన్నీ ఉన్నా ఫలితం రాదు. ముందు కోర్సు తెరిచి తర్వాత పోస్టులు చూద్దామంటే మొదటి బ్యాచ్ దుకాణాలకు వెళ్తుంది, రెండో బ్యాచ్‌కు విద్యార్థులు దొరకరు. ముందు పరికరాలు కొంటే వాటి కొలత సరిచూసే క్యాలిబ్రేషన్ గడువు దాటుతుంది. వినికిడి కొలిచే ఆడియోమీటర్‌ను కనీసం ఏడాదికోసారి క్యాలిబ్రేట్ చేయాలి. చేయకపోతే అది చూపించే అంకెల మీద వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు కూడా ఆధారపడలేదు. జిల్లాకు రెండు పోస్టులు ఖాయం చేసి, ఆ పోస్టులకే మనుషులను ఎంపిక చేసి చదువుకు పంపడం మేలు. వాళ్లు తిరిగొచ్చే లోపు గదికి శబ్దం రాకుండా ఏర్పాటు చేయవచ్చు. రెండు పోస్టులు అనడానికి కారణం ఉంది. ఒక్కరే అయితే వైకల్య సర్టిఫికెట్ క్యాంపు రోజుల్లో మిగతా పని ఆగిపోతుంది. పెన్షన్ ముడిపడి ఉన్న సర్టిఫికెట్ పనికి ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువే, పిల్లల థెరపీకి అరిచి అడిగేవాళ్లు ఉండరు.

నెలకోసారి వీడియోలో కేసులు చూపించుకునే ఏర్పాటు కూడా ఉద్యోగంలో భాగం కావాలి. ఒంటరిగా పనిచేసే సహాయకుడు రెండేళ్లలో తనకు తెలిసిన మూడు రకాల కేసులకే పరిమితమవుతాడు. ఇది వ్యక్తి లోపం కాదు, చూసి సరిదిద్దేవారు లేని ప్రతి వృత్తిలోనూ జరిగేదే.

మొదటి రెండేళ్లలో ఏం కనిపిస్తుంది

ఏర్పాటు సరిగ్గా నడిస్తే మొదట అంకెలు పెరుగుతాయి. ఇన్నాళ్లూ లెక్కలోకి రాని లోపాలు బయటపడతాయి, జిల్లాలో చెవుడు పెరిగిందన్న వార్తలు కూడా రావచ్చు. కర్ణభేరి చిల్లుకు ఆపరేషన్ కావాల్సినవారి వరుస పొడుగవుతుంది, ఆ ఒత్తిడి ఈఎన్‌టీ విభాగాల మీద పడుతుంది. మిషన్ల అవసరం కూడా పెరుగుతుంది. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర పథకం ఏడిప్ కింద ఇచ్చే మిషన్లు, ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్లు ఉన్నా, 35కూ 60కీ మధ్య ఉన్న పెద్దవాళ్లకు మిషన్ ఎవరు కొనివ్వాలన్న ప్రశ్న అప్పుడు గట్టిగా ముందుకొస్తుంది.

ఖర్చు తీరు కూడా మారుతుంది. జింక్-ఎయిర్ సెల్లు వారం పది రోజులకోసారి మారుతుంది. వానాకాలంలో మోల్డ్ గొట్టంలో తేమ చేరి శబ్దం ఆగిపోతుంది, గొట్టం మార్చాలి. ఇవి చిన్న ఖర్చులే, కానీ ఆగకుండా వచ్చే ఖర్చులు. వీటికి శిబిరాల బడ్జెట్‌లో చోటు దొరకదు, జిల్లా ఆసుపత్రి మందుల ఇండెంట్‌లో సెల్లు, గొట్టం రెండూ చేరాలి. రెండేళ్ల వయసులో ఇంప్లాంట్ పెట్టిన బిడ్డకు ప్రాసెసర్ సర్దుబాటు బడికి వెళ్లే ఏళ్లలోనూ కొనసాగుతుంది, వైరు, కాయిల్ పాడైతే వారాల తరబడి బిడ్డ నిశ్శబ్దంలో ఉంటుంది. పోస్టును ఏడాది కాంట్రాక్టుగా ఉంచాలా, శాశ్వతం చేయాలా అన్నది ఆర్థిక శాఖ ఫైలులో తేలాలి. ఆ ఫైలు కదిలే జిల్లాల్లోనే శిక్షణ మొదలుపెట్టడం ప్రస్తుతానికి తక్కువ నష్టం ఉన్న దారి.